అడగని ఐదో కొలత

కొత్తగా ఈ కథలోకి వచ్చినవాళ్ల కోసం ముందు నాలుగు ముక్కలు. కామారెడ్డి స్టేషన్ రోడ్డులో పాత కంప్యూటర్లు, పాత ఫోన్లు బాగుచేసి అమ్మే స్వామిదాసు, కాలేజీలో లెక్కలు చెప్పే స్నిగ్ధ కలిసి ఒక పని నెత్తికెత్తుకున్నారు. లోకమంతా ఉచితంగా వాడుకునే పెద్ద గణిత సాఫ్ట్‌వేర్ ఒకటుంది. దాని కోడ్ ఎవరైనా తెరిచి చూడొచ్చు, తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు. కానీ విప్పితే రెండు జీబీ. తండాల్లో ఉన్న ఫోన్లు దాన్ని మోయలేవు. వీళ్లిద్దరూ ఏడాదిన్నర కూర్చుని, దాన్ని చెక్కి చెక్కి పద్దెనిమిది ఎంబీకి తెచ్చారు. వేలిలెక్క అని పేరు పెట్టారు. దానికి నెట్ అక్కర్లేదు. ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌లోకి పైసా ఖర్చు లేకుండా పాకిపోతుంది. జిల్లా బడులన్నిటికీ దాన్ని తీసుకోవాలా వద్దా అని వచ్చే సోమవారం కామారెడ్డిలో ఒక ఆఫీసులో చూడబోతున్నారు. అంతా కలిసి వస్తోందనుకున్న వేళ, ఎల్లారెడ్డి అవతల చిన్నవాగు తండా నుంచి గోవింద్ ఫోన్ చేశాడు. "సేటు, మీ వేలిలెక్కతోని పంచుకున్న పొలంల హద్దురాయి జరిగిందంటున్నరు. తమ్ముడు అన్నను దొంగ అంటున్నడు. రేపు పంచాయితీ. మీరు రాకుంటే మంచిగుండది."

వాళ్ల వ్యాను తాడ్వాయి దాటేసరికి ముసురు పట్టింది.

స్నిగ్ధ ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని గోవింద్ పంపిన కొలతలు కొడుతోంది. రెండు మడులు. రోడ్డు పక్కది అన్న బద్యాది, వాగు పక్కది తమ్ముడు బాబూలాల్‌ది. రెండిటికీ పొడుగు మూడు వందల ముప్పై ఫీట్లు, అడ్డం నూట ముప్పై రెండు. రెండూ ఎకరమే, అంటే నలభై గుంటలేనని వేలిలెక్క చెప్పింది. ఆ మాట మీదే అన్నదమ్ములు రాళ్లు పాతుకున్నారు.

"పెద్దది ఒప్పుకుంట లేదు, దాసన్నా," అంది స్నిగ్ధ.

"ఏ పెద్దది?"

"అసలు సాఫ్ట్‌వేర్. నాలుగు పక్కల కొలతలు ఇచ్చిన. జవాబు చెప్పదట. ఐదోది ఇయ్యమంటున్నది, మూల నుంచి మూలకు."

స్వామిదాసు వైపర్ వేగం పెంచాడు. వాన అంత లేదు.

"మరి మనది?"

"మనది ఎట్ల అడుగుతది? మనం అడగనిస్తేనా?"

పోయిన ఎండాకాలం పదిమంది రైతులను దుకాణంలో కూర్చోబెట్టి, చాయ్ తాగించి, ఎవరి పొలం కొలతలు వాళ్లనే కొట్టమని వేలిలెక్క చేతికిచ్చి చూశారు. తొమ్మిది మంది నాలుగు గడులు నింపి, మూల కొలత అడిగే ఐదో గడి దగ్గర ఆగి, ఫోన్ పక్కన పెట్టేశారు. ముప్పై ఏళ్లుగా కౌంటర్ మీద కూర్చున్న మనిషి స్వామిదాసు. ఒక్క ప్రశ్న ఎక్కువ అడిగితే గిరాకీ లేచి ఎదుటి దుకాణానికి పోతుందని అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ గడి తీసెయ్యమన్నాడు. ఎదురెదురు పక్కలు కూడి సగం చేసి, ఆ రెండు సగాలను గుణిస్తే చాలు, ఊళ్లల్లో అందరూ చేసేది అదే అన్నాడు. స్నిగ్ధ మూడు రోజులు కొట్లాడి ఒప్పుకుంది. ఐదో గడితో పాటు బొమ్మ గీసే భాగం కూడా పోయింది. ఒక్క దెబ్బకు పదకొండు ఎంబీ తగ్గింది. ఆ సాయంత్రం ఇద్దరూ మిర్చిబజ్జీలు తెప్పించుకుని తిన్నారు.

మడి వాలుగా ఉంటే ఈ లెక్క పనికిరాదని అడుగున చిన్న అక్షరాల్లో ఒక వరుస ఉండేది. చిన్న ఫోన్లలో అది బటన్ మీదికి ఎక్కుతోందని దాన్నీ తీసేశారు. తీసింది స్నిగ్ధ. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఎత్తరు.

"ఎంత తప్పు రావచ్చు?" అన్నాడు స్వామిదాసు.

"మడి ఎంత ఒరిగితే అంత. మంచం కీళ్లు వదులైతే ఒక దిక్కుకు ఒరుగుతది చూడు. పట్టెలు అవే ఉంటయ్. పండుకునే జాగ తగ్గుతది."

"ఇప్పటికి ఎంతమంది ఫోన్లల్ల ఉంది?"

స్నిగ్ధ లాప్‌టాప్ మూసింది. ఎవరి ఫోన్‌లో ఉందో తమకు కూడా తెలియకుండా చేశారు దాన్ని. వెనక్కి పిలిచే దారి ఉంచలేదు. అదే దాని గొప్ప అని స్వామిదాసు పదిమందికీ చెప్పుకున్నాడు. వ్యాను లింగంపేట, ఎల్లారెడ్డి దాటింది.

తండా ముందు కల్వర్టు మీద గోవింద్ గొడుగు లేకుండా నిలబడి ఉన్నాడు. డిగ్రీ చదివి ఉపాధి హామీ పనిలో కూలీల హాజరు రాసే మేటుగా చేస్తున్నాడు. ఆ రోజు టేపు పట్టి, వేలిలెక్కలో అంకెలు కొట్టింది ఇతనే.

"మొన్న నాట్లు ఏసినం సేటు. అన్నదమ్ములు ఇద్దరు ఒక్కటే నారుమడి నుంచి చెరి నూరు కట్టలు తీసుకున్నరు. బద్యా కాకాకు నూరు సరిపోయినయ్. బాబూలాల్ మామకు ముప్పై మిగిలినయ్."

"ముప్పయ్యా!"

"అదే. కూలోళ్ల ముందట, గట్టు మీద, ముప్పై కట్టలు కుప్ప. రాత్రికి రాత్రి రాయి జరిపినవని అన్న మీదికి పోయిండు. అప్పటి సంది ఇంట్ల తింటలేడు. పొలం కాడనే కూసుంటున్నడు. ఎవ్వలన్న పలకరిస్తె నవ్వుతున్నడు. ఆ నవ్వే మంచిగ లేదు సేటు."

"పంచాయితీ ఏమంటున్నది?"

"ఇయ్యాల బద్యా కాకా సేవాలాల్ గుడి ముందట ప్రమాణం చేస్తడు, రాయి జరపలేదని. చేసిండంటే మాట తెగినట్టే. బాబూలాల్ మామ ఉత్తపుణ్యానికి అన్నను దొంగ అన్నోడు అయితడు. భూమి గురించి మళ్ల నోరెత్తెటందుకు లేదు."

స్నిగ్ధ, గోవింద్ టేపు తీసుకుని వాగు మడిలోకి దిగారు. కొత్త నాట్లు తొక్కకుండా గట్టు గట్టునే నడుస్తున్నారు. స్వామిదాసు వాగు ఒడ్డున ఆగిపోయాడు. వాగు ఎర్రగా, అడుగు కనిపించకుండా పారుతోంది. ఇక్కడ నిలబడి చూస్తే మడి ఒరిగి ఉందని ఎవరికైనా తెలుస్తుంది. ఎంత పోయిందో మాత్రం కంటికి అందదు. అంకె ఒకటి చేతిలో పడ్డాక కంటిని ఎవరు నమ్ముతారు?

వెనక అడుగుల చప్పుడైంది. అరవై దాటిన మనిషి, చెప్పులు చేతిలో పట్టుకుని, బురదలో తొందర లేకుండా వచ్చాడు.

"కామారెడ్డి సేటువు నువ్వేనా? నేను బద్యాను."

"అవునన్నా."

"మూల కొలుస్తున్నరా?"

స్వామిదాసు చటుక్కున తిరిగాడు. మూల అన్న మాట ఈ ముసలాయనకు ఎవరూ చెప్పలేదు. గోవింద్‌కు కూడా ఇప్పుడే, పొలంలోకి దిగేటప్పుడే చెప్పారు.

"నీకెట్ల తెలుసు?"

"మా నాయన నాలుగు తండాలకు భూమి కొలుస్తుండె. చదువు లేదు. తాడే. నాలుగు పక్కలు కొలిచినంక మూల గుంజకుంటె ఆయనకు బువ్వ దిగకపోతుండె." బద్యా గట్టు మీద కూర్చున్నాడు, స్వామిదాసును కూడా కూర్చోబెట్టాడు. "పంచుకున్న రోజు గోవింద్‌గాన్ని అడిగిన. ఇంకేమన్న అడుగుతదారా నీ ఫోను అని. ఏం అడగది కాకా, నాలుగే అన్నడు. నలభై వచ్చె, నలభై వచ్చె. అందరు చప్పట్లు కొట్టిండ్రు."

"నువ్వు?"

"నేను గూడ కొట్టిన."

వాగులో ఏదో కొమ్మ కొట్టుకుపోతోంది. స్వామిదాసు దాన్నే చూస్తూ అడిగాడు. "తమ్మునికి తక్కువ పోతున్నదని తెలిసి?"

"ఎంత తక్కువనో తెల్వది. తక్కువ అని తెలుసు. నీ మిషన్ అడగలే, నేను చెప్పలే. అడిగితె చెప్తుంటినేమో." కాసేపు ఆగాడు. "నలభై ఏండ్లు ఆ భూమిల రాళ్లు ఏరింది నేను సేటు. వాడు పన్నెండేండ్లు చెరుకు కొట్టుడుకు పోయి, తిరిగొచ్చి సగం అన్నడు. ఇయ్య అనలే. ఇచ్చిన. ఇస్తుంటె చెయ్యి జర వెనక్కి గుంజింది, అంతే."

"ఇప్పుడేం చేస్తవ్?"

"ప్రమాణం చేస్త. రాయి జరపలే అని. అబద్ధం కాదు కద?"

కాదు. స్వామిదాసు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. ఎక్కడా అబద్ధం లేదు.

"వాడు రెండు దినాలు ఏడుస్తడు, పంట చేతికొస్తె మరుస్తడు," అన్నాడు బద్యా. "నీకు సోమారం ఏదో పని ఉందట కద, గోవింద్ చెప్పిండు. నీది నీకు అయితది. నాది నాకు ఉంటది. ఆ మేడంకు నువ్వే సముదాయించుకో."

స్వామిదాసు బతుకంతా బేరాల్లోనే గడిచింది. ఇంత శుభ్రమైన బేరం అతని ముందుకు ఎన్నడూ రాలేదు. కూర్చున్న ఇద్దరికీ నష్టం లేదు. నష్టపోయేవాడు ఇక్కడ లేడు, వాడికి ఎన్నటికీ తెలియదు. సోమవారం గడిస్తే వేలిలెక్క రెండొందల బడుల్లోకి పోతుంది. తర్వాత నిదానంగా ఐదో గడి పెట్టుకోవచ్చు. పెట్టారని కూడా ఎవరికీ తెలియనక్కర్లేదు. స్వామిదాసు అవుననలేదు, కాదనలేదు. ధర చెప్పినప్పుడు ఎదుటివాడు నోరు మెదపకపోతే బేరం కుదిరినట్టే లెక్క. అది అతనికి తెలుసు. బద్యాకూ తెలుసు. ముసలాయన లేచి, కాళ్లు వాగులో కడుక్కుని, చెప్పులు తొడుక్కుని పోయాడు.

అవతలి గట్టు మీద, చింతచెట్టు కింద, ఒకామె గడ్డిమోపు దించుకుని నిలబడి ఉంది. ఎప్పటినుంచి ఉందో.

స్నిగ్ధ తడిసి ముద్దై వచ్చింది. "రెండు వందల యాభై నాలుగు, దాసన్నా. మడి చక్కగ ఉంటె మూడు వందల యాభై ఐదు రావాలె. నూరు ఫీట్లు తక్కువ."

"నాకు ఫీట్లు చెప్పకు. గుంటలు చెప్పు."

"ఇరవై ఎనిమిది."

పన్నెండు గుంటలు. వాటిని ఎవరూ జరపలేదు, ఎవరూ దున్నుకోలేదు. అవి మొదటి నుంచే లేవు. లేని భూమికి తాము ఉందని రాసిచ్చారు. ఆ నమ్మకంతో ఒక మనిషి నూరు కట్టల నారు తెచ్చుకున్నాడు.

"అందరి ముందట చెప్పుదాం. తప్పు మనదని," అంది స్నిగ్ధ.

"సోమవారం పోతది."

"పోతది."

"గంత తేలికగ అంటవేంది బిడ్డా? ఏడాదిన్నర కష్టం అది."

"బరువు తగ్గించి తేలికగ చేసుడే కద మన పని? చేసినం. ఇగో, గిట్లయింది." ఆమె జుట్టు పిండుకుంది. "తొమ్మిది మంది ఫోన్ పక్కకు పెట్టిండ్రని మనం గడి తీసినం. ఒక్కనన్న ఎందుకు పెట్టినవ్ అని అడిగినమా? టేపు పొట్టిగుండెనేమో. రెండో మనిషి లేకుండెనేమో. మనకు గిరాకీ పోవుడే కనబడ్డది."

స్వామిదాసు చెప్పులకు అంటిన బురద గట్టుకు రాశాడు. తర్వాత, "నడువ్, నేనే చెప్త," అన్నాడు.

బద్యా అన్న మాటలు మాత్రం ఆమెకు చెప్పలేదు. నడుస్తూ నడుస్తూ అతను ఒక తక్కువ నష్టం దారి చూసుకున్నాడు. మిషన్ తప్పు చెప్పేస్తే తమ్ముడి భూమి తమ్ముడికి వస్తుంది. మనిషి తప్పు దాచేస్తే అన్నదమ్ములు అన్నదమ్ములుగా మిగులుతారు. సగం నిజంతో రెండు పనులూ అయ్యేటప్పుడు మిగతా సగం ఎవరికి కావాలి?

గుడి ముందు రేకుల పందిరి కింద తండా అంతా చేరింది. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క. బాబూలాల్ ఒక స్తంభానికి ఆనుకుని, తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేతికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉన్నాడు. గోవింద్ చెప్పిన నవ్వు మొహం మీద అలాగే ఉంది.

"కానియ్ బద్యా," అన్నాడు తండా నాయక్.

బద్యా లేచి గుడి వైపు రెండడుగులు వేశాడు.

"ఒక్క నిమిషం," అన్నాడు స్వామిదాసు. "రాయి జరగలే. ఎవ్వలు జరపలే. తప్పు మా లెక్కది. నాది."

బద్యా తిరిగి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కుదిరిన బేరం తప్పినవాణ్ని చూసే చూపు అది.

స్నిగ్ధ నాలుగు కందికట్టెలు అడిగి తీసుకుంది. కొసలు దారంతో కట్టి, రెండు పొడుగు, రెండు పొట్టి, చట్రం చేసి నేల మీద పెట్టింది. "కట్టెలు ఎన్ని?" అంది. "నాలుగు," అన్నారు. వేలితో ఒక మూల నెట్టింది. చట్రం ఒరిగి పల్చబడింది. "ఇప్పుడు ఎన్ని?" "నాలుగే." "మరి లోపలి జాగ?"

ముందు వరుసలోవాళ్లు వంగి చట్రంలోకి చూశారు. చివరికి ఒక ముసలాయన, "అంటె రాయి జరగలే, భూమే ఒక దిక్కుకు ఒత్తిగిలి పండుకున్నదన్నట్టు," అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆ నవ్వు తొందరగానే ఆగింది.

"మేము గూడ గిట్లనే కొలుసుకున్నం గద," అన్నాడు వెనక వరుసలో ఒకడు, పక్కవాడితో. ఆ పక్కవాడు అతని అన్నే. వాడు లేచి, ఎవరినీ చూడకుండా, పొలాల వైపు పోయాడు. ఇంకొకడు లేచాడు. వాడి వెనక ఇంకొకడు. పోతున్నవాళ్లను లెక్కపెట్టడం స్వామిదాసు ఆరుగురి దగ్గర ఆపేశాడు.

బాబూలాల్ ముందుకు వచ్చాడు. మొహం మీది నవ్వు ఇప్పుడు లేదు.

"ఎవ్వలు తీయలేదా, సేటు?"

"ఎవ్వలు తీయలే తమ్మీ. లేనిది ఉన్నదని మేము చెప్పినం."

"మా అన్న తీయలేదా?"

స్వామిదాసు ఒక్క ఊపిరి ఆలస్యం చేశాడు. "తీయలే," అన్నాడు. అదీ అబద్ధం కాదు.

బాబూలాల్ నడిచి వెళ్లి, తండా అందరి ముందు, అన్న కాళ్లు రెండూ చీలమండల దగ్గర పట్టుకుని తల ఆనించాడు. "అన్నా, నిన్ను దొంగ అన్న. కూలోళ్ల ముందట అన్న. నా నోట్ల మన్ను పడ." పెద్ద మనిషి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఆడవాళ్లలో ఇద్దరు కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. బద్యా చెయ్యి తమ్ముడి తల మీదికి దిగింది. ఆ చేతిని చూడలేక స్వామిదాసు గుడి గోడ మీది సున్నం పెచ్చులు చూశాడు.

"అయిపాయె," అన్నాడు నాయక్ లేస్తూ. "రేపు మళ్ల కొలిచి, రాయి పాతుకోండ్రి."

"అయిపోలే," అంది ఒక ఆడగొంతు.

ఆడవాళ్లలోంచి ఒకామె లేచి నిలబడింది. బాబూలాల్ భార్య పార్వతిబాయి. ఆమె చీర అంచుకు గడ్డిపోచలు అంటుకుని ఉన్నాయి. స్వామిదాసు ఆమెను గుర్తుపట్టాడు. చింతచెట్టు కింద మోపు దించుకుని నిలబడింది ఈమే.

ఇంతసేపూ ఆడవాళ్లు తమలో తాము తండా భాషలోనే మాట్లాడుకుంటున్నారు. పార్వతిబాయి ఆ భాష వదిలేసి, కామారెడ్డి సేటుకు ఒక్క ముక్క కూడా తప్పిపోకుండా తెలుగులో అడిగింది.

"సేటు, పంచుకున్న రోజు మా బద్యా బావ భుజం మీద తాడు చుట్ట ఉండె. గోవింద్ తాన టేపు ఉండంగ తాడెందుకు బావా అన్న. మూలకు అన్నడు. మళ్ల దాన్ని ఇప్పకుండనే ఇంటికి తీసుకపోయిండు. మూల అంటె ఏందో నాకు ఆ రోజు తెల్వలే. ఇయ్యాల ఈ మేడం కట్టెలు పెట్టి చూపెడితె తెలిసింది."

పందిరి మీద వాన చప్పుడు పెరిగింది.

"వాగు ఒడ్డుకు మీరిద్దరు గంత సేపు కూసొని మాట్లాడుకున్నరు. ఆ తాడు ఎందుకు ఇప్పలేదో నీకు చెప్పే ఉంటడు. ఏం చెప్పిండు? నువ్వే చెప్పు సేటు, అందరు ఇంటున్నరు."

స్నిగ్ధ తలతిప్పి స్వామిదాసును చూసింది. నాయక్ లేచినవాడు మళ్లీ కూర్చున్నాడు. తమ్ముడి తల మీద ఉన్న బద్యా చెయ్యి గాలిలోకి లేచి అక్కడే నిలిచిపోయింది.

బాబూలాల్ తల ఎత్తలేదు. అన్న కాళ్ల మీది నుంచి చేతులూ తీయలేదు. వాటి పట్టు మాత్రం మారింది. అది మొక్కే పట్టు కాదు, అన్నను కదలనియ్యని పట్టు.